ఐసు గదిలో నాలుగు పాటలు

అత్తగారు తనని తిట్టడం మానేసి పంతొమ్మిది రోజులయిందని కెజియ క్యాలెండరు చూసి కనిపెట్టింది.

ఆ క్యాలెండరు కొత్త సంవత్సరానికి చర్చి వాళ్ళు ఇచ్చింది. వంటగది తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉంటుంది. ప్రతి తారీఖు గడిలోనూ కెజియ చీమకాళ్ళంత అక్షరాలతో పిల్లదాని సంగతులు రాస్తుంది. "జ్వ" అంటే జ్వరం, "ద" అంటే దగ్గు, "వి2" అంటే రెండు విరేచనాలు. ఎనిమిది నెలల పిల్ల దగ్గిందో లేదో రాసి పెట్టుకోవాలా అని ఆమె మొగుడు ఎలీషా నవ్వుతాడు. ఎలీషా పోర్టులో క్రేను నడుపుతాడు. అంతెత్తున కూర్చునే మనిషికి కింద తిరిగేవాళ్ళ భయాలు ఏం కనబడతాయిలే అని కెజియ సరిపెట్టుకుంటుంది. పదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయింది ఆమెకి. పుస్తకాల్లో ఏముందో తెలీదు కాబట్టి, కళ్ళతో చూసింది ఒక్కటీ జారిపోకుండా రాసి పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

గడిలో కుడివైపు మూల మాత్రం రహస్యం. అక్కడ "తి" అని ఉంటే ఆ రోజు అత్తగారు తిట్టారని అర్థం. "తి3" అంటే మూడుసార్లు. అమ్మ వచ్చినప్పుడు చూపించి కాసేపు ఏడుద్దామని మొదలుపెట్టిన లెక్క అది. జనవరి నిండా "తి"లే. ఆదివారం కూడా వదల్లేదు. ఫిబ్రవరిలో ఒక రోజు చోటు చాలక మర్నాటి గడిలోకి పాకింది. అలాంటిది మార్చి పద్నాలుగు నుంచి ఏప్రిల్ ఒకటి దాకా ఆ మూలలన్నీ ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉన్నాయి.

కెజియ ముందు దేవుడికి వందనాలు చెప్పుకుంది. తర్వాత ఆమెకి భయం వేసింది. మంచి జరిగినా చెడు జరిగినా ఆమెకి చివరికి మిగిలేది భయమే.

* * *

అత్తగారి పేరు సుగుణరత్నం. కాకినాడలో ఇప్పటికీ యాభై దాటినవాళ్ళెవరినైనా ఆపి అడిగితే, "ఓ, రత్నమా! ఆవిడ పాడితే పందిరి గుంజ పట్టుకుని ఏడ్చామండీ బాబూ" అంటారు. పెళ్ళిళ్ళలో, క్రిస్మస్ సభల్లో, పడవల పండగల్లో ఆవిడ పాడని మైకు లేదు. పక్కన హార్మోనియం మీద ఆవిడ భర్త దేవదానం. పదకొండు క్యాసెట్లు వచ్చాయి. తొమ్మిదేళ్ళ కిందట దేవదానం పోయాక హార్మోనియం మీద తెల్లగుడ్డ కప్పి ఆవిడ పాట ఆపేసింది. అప్పట్నుంచీ ఆ గొంతంతా ఇంట్లోవాళ్ళని తిట్టడానికీ, ఎనిమిది నెలలుగా మధ్యాహ్నం పూట మనవరాలిని నిద్రపుచ్చడానికీ ఖర్చవుతోంది.

ఆ నిద్రపుచ్చడం ఒక వింత. మాటలుండవు. పిల్లని భుజాన వేసుకుని, ముక్కుతో, గొంతు అడుగు నుంచి ఒక రాగం తీస్తుంది. మూడో విడతకి పిల్ల మెడ వాలిపోతుంది. కెజియ అదే రాగం అచ్చంగా నేర్చుకుని తీస్తే పిల్ల కళ్ళు ఇంకా పెద్దవి చేసి, ఎవరు నువ్వు అన్నట్టు చూస్తుంది.

ఫిబ్రవరిలో ఒక రోజు డాక్టరు నీలవేణి వెతుక్కుంటూ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. మందులిచ్చే డాక్టరు కాదు, గొంతుల మీద పరిశోధన చేసే డాక్టరు.

"అమ్మా, మీ గొంతులో ఉన్నది ఇప్పుడెవరి గొంతులోనూ లేదండి" అంది గుమ్మంలోంచే.

"ఏముందమ్మా, కఫం" అంది సుగుణరత్నం.

డాక్టరు సంచిలోంచి మెడకి చుట్టే నల్లటి పట్టీ ఒకటి, పటికబెల్లం ముక్కంత గాజు గుళిక ఒకటి తీసి చాప మీద పెట్టింది. ఆ పట్టీ చుట్టుకుని పాడితే, పాటతో పాటు పాడే మనిషి మనసులో ఆ క్షణం ఏం కదిలిందో అదంతా గుళికలోకి దిగుతుందట. ఆ పాటని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నవాళ్ళకి అదే కాసేపు కలుగుతుందట. నాలుగు పాటలతో ఒక ఆల్బం. దరువంతా ఇప్పటి కుర్రకారుది, గొంతు మాత్రం రత్నంగారిది.

"ముసలిదాన్ని, ఇప్పుడు నా పాట ఎవరికి కావాలి?" అంది సుగుణరత్నం. కానీ అంటూనే జడ సవరించుకుంది. కెజియ చూసింది. తొమ్మిదేళ్ళలో ఆవిడ జడ సవరించుకోవడం అదే మొదటిసారని రాత్రి ఎలీషా కూడా అన్నాడు.

గుళికలు వేడి తగిలితే పాడైపోతాయి. అందుకని డాక్టరు తన పరికరాలన్నీ జగన్నాథపురంలో ఉప్పుటేరు పక్కన మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో పెట్టుకుంది. ఫ్యాక్టరీ మూతపడినా చల్లగది పనిచేస్తోంది. బయట మార్చి ఎండకి తారు కరుగుతుంటే, లోపల సుగుణరత్నం మంకీ టోపీ, దేవదానం పాత స్వెట్టరు వేసుకుని పాడేది. గది నిండా ఎప్పటిదో చేపల వాసన. గోడకి ఒక మామూలు మైకు కూడా ఉండేది. ఎప్పుడు ఆన్ చెయ్యాలో మర్చిపోతానని డాక్టరు దాన్ని తలుపు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా అలాగే వదిలేసేది.

మొదటి రోజు చెవిలో దరువు వినిపించగానే సుగుణరత్నం పాట ఆపేసింది.

"ఏంటమ్మా ఈ టకటక? పక్కింట్లో ఎవరో రోకలి దంచుతున్నట్టుంది."

"ఇప్పటి పాటలకి అదే ప్రాణమండి. మీరు దాని వెంట నడవాలి."

"నేను దాని వెంట నడవనమ్మా. దాన్నే నా వెంట రమ్మను."

చివరికి అదే వచ్చింది. మొదటి పాట సముద్రంతో పోట్లాట. పడవ తీసుకెళ్ళి ఇవ్వని సముద్రాన్ని ఒడ్డున నిలబడి నిలదీసే పాట. దాని కోసం ఆవిడ తన కోపమంతా గుళికలోకి పాడింది. అది మార్చి పదమూడు.

ఆ మర్నాడు డాక్టరు, గుళికని ఐసు గదిలోనే ఉంచి దానికి కలిపిన ఫోనులో పాట తెచ్చి, ముందు ఇంట్లోవాళ్ళే వినాలని ఎలీషా చెవుల్లో పెట్టింది. ఎలీషా ఏది వడ్డిస్తే అది తినే మనిషి. ఉప్పు లేకపోతే సముద్రం పక్కనే ఉన్నాం కదా అనుకునే రకం. రెండు నిమిషాలు తల ఊపాడు. మూడో నిమిషంలో కంచం నెట్టేసి లేచి నిలబడ్డాడు.

"ఈ ఇంట్లో నా తువ్వాలు ఎవరు వాడుతున్నారు? ఇవాళ తేలాలి! రెండేళ్ళ నుంచి ఊరుకుంటున్నాను!"

కెజియ పిల్లని ఎత్తుకుని గోడకి అంటుకుపోయింది. అయిదు నిమిషాలకి అతనికి చెమటలు పట్టి దిగిపోయింది. "అంటే... ఎవరైనా వాడుకోవచ్చులే" అని కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు. డాక్టరు ఆనందానికి చప్పట్లు కొట్టింది.

ఆ పాట వినిపిస్తున్నంతసేపూ సుగుణరత్నం మాత్రం చెంగు రెండు చెవుల్లో దోపుకుని పెరట్లో నిలబడింది. తన పాట తను వినదు. అది దేవదానం పెట్టిన నియమం. మొదటి క్యాసెట్టు వచ్చిన రోజున ఆయన అన్నాడట: "రత్నం, నీ పాట నువ్వు వినకు. విన్నావంటే రేపట్నుంచి నువ్వు పాడవు, నిన్ను నువ్వు అనుకరిస్తావు." ఆవిడ హార్మోనియం మీద చెయ్యేసి మాటిచ్చింది. టీ కొట్లో తన క్యాసెట్టు మోగుతుంటే చెవులు మూసుకుని రోడ్డు దాటేది. పదకొండు క్యాసెట్లలో ఒక్కటీ వినలేదు.

"అయ్యో, ఒక్కసారైనా వినాలండి. పట్టీ పెట్టుకున్నవాళ్ళందరూ ముందు వాళ్ళదే వింటారు" అంది డాక్టరు.

"నేనందరిలాంటి దాన్ని కాదమ్మా" అంది ఆవిడ, చెంగు తీసుకుంటూ. అలా అన్నప్పుడు గొంతులో కారం లేదు. అప్పుడెవరూ పట్టించుకోలేదు.

* * *

రెండో పాట మార్చి ఇరవై ఏడున. పెళ్ళిపందిట్లో తల వంచుకున్న పిల్ల పాట. దానికి సిగ్గు కావాలి. అరవై నాలుగేళ్ళ మనిషి దగ్గర అంత సిగ్గు ఉంటుందని డాక్టరు అనుకోలేదు. గుళిక గులాబీ రంగుకి తిరిగిందట.

ఆ ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ప్రసంగం గంట దాటించారు. సుగుణరత్నం ఆడవాళ్ళ వైపు మూడో వరసలోంచి లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఇక్కడిదాకా పోయినవారమే చెప్పేశారండి. తర్వాతది చెప్పండి, లేకపోతే వదిలేయండి. పొయ్యి మీద చారుంది."

వెనక మగవాళ్ళలో ఒకాయన "ఆమెన్" అన్నాడు. కెజియ పిల్ల దుప్పట్లో మొహం దాచుకుంది. ఇంటికొచ్చాక, ఎలా అనగలిగారండీ అని అడిగితే, "నోటితోనే" అంది అత్తగారు, చల్లగా.

ఆ తర్వాత నాలుగు రోజులకే కెజియ క్యాలెండరు మూల తెల్లబడటం చూసింది. అయినా రెంటికీ ముడి పెట్టలేదు. పెద్దవయసు కదా, మెత్తబడ్డారేమో అనుకుంది. నిజం చెప్పాలంటే ముడి పెట్టాలని ఆమెకి అంతగా లేదు. కూరలో ఉప్పు ఎక్కువైన రోజున కూడా, పెళ్ళయ్యాక మొదటిసారి, ఆమె నిమ్మళంగా అన్నం తింది.

మూడో పాట ఏప్రిల్ తొమ్మిదిన. అది దేవదానం కోసం. ఏడుపు పాట.

పదకొండున తబలా శామ్యూలుగారు పోయారని కబురొచ్చింది. ఇరవై ఏళ్ళు వాళ్ళ ఆర్కెస్ట్రాలో తబలా వాయించిన మనిషి. కెజియ పిల్లని చంకనేసుకుని అత్తగారి వెంట వెళ్ళింది. రత్నం వస్తోందంటే ఇంటి ముందు జనం దారిచ్చారు. ఆవిడ ఏడ్చిందంటే ఇక అక్కడ కన్ను తడవని వాళ్ళుండరని అందరికీ తెలుసు.

శామ్యూలుగారి భార్య లేచి, "అక్కా! చూశావా అక్కా, నన్నొదిలేసి వెళ్ళిపోయాడు!" అని మీద పడింది.

సుగుణరత్నం ఆవిడ వీపు మీద, పరుపులో దూది సరిగ్గా ఉందో లేదో చూసినట్టు, రెండుసార్లు తట్టింది. తర్వాత ఆయన్ని ఉంచిన పెట్టె చుట్టూ తిరిగి చూసింది.

"పని బాగా చేశాడు. ఎక్కడ చేయించారు?" అని, ఆ తర్వాత, "టీ ఇంకొంచెం ఉందా? అల్లం బాగా పడింది" అంది.

జనంలో గుసగుసలు లేచాయి. షాక్‌లో ఉందన్నారు కొందరు. కెజియ మాత్రం పిల్లని ఇంకా గట్టిగా హత్తుకుంది. ఇంటికొచ్చాక చూస్తే అత్తగారు హార్మోనియం మీది తెల్లగుడ్డ తీసి, దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టి, పక్కన పీట వేసుకుని తరుగుతోంది. ఆ హార్మోనియం మీద దుమ్ము తుడవబోయి కెజియ తిన్న తిట్లకి "తి5" అని ఫిబ్రవరిలో ఒక గడి సాక్షి.

"అత్తయ్యగారూ... అది మావయ్యగారిదండి."

"ఆయన లేడుగా. ఎత్తు సరిపోయింది" అంది ఆవిడ. ఉల్లిపాయలు తరుగుతున్నా కంట్లో చుక్క నీళ్ళు లేవు.

* * *

మర్నాడు పన్నెండో తారీఖు. మధ్యాహ్నం అత్తగారు నాలుగో పాటకి వెళ్ళింది. పిల్ల నిద్ర వేళయింది. కెజియ భుజాన వేసుకుని తిరుగుతూ, ఏడుస్తున్న పిల్లకి క్యాలెండరు మీద బొమ్మ చూపిస్తూ, అప్పుడు చూసింది.

గడుల్లో అక్కడక్కడా "ఐ" అని ఉంది. తనే రాసింది. ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళొచ్చిన రోజు అత్తగారి చేతులు మంచుగడ్డల్లా ఉంటాయి. అరగంట దాకా పిల్లని ముట్టుకోనివ్వకూడదు, జలుబు చేస్తుంది. అందుకని గుర్తు పెట్టుకుంది. మార్చి పదమూడు "ఐ". పద్నాలుగు నుంచి "తి" లేదు. ఇరవై ఏడు "ఐ". తర్వాతి ఆదివారం "చర్చి, పరువు పోయింది". ఏప్రిల్ తొమ్మిది "ఐ". పదకొండు... శామ్యూలుగారిల్లు.

కోపం పాడింది, కోపం పోయింది. సిగ్గు పాడింది, సిగ్గు పోయింది. ఏడుపు పాడింది.

"ఇవాళేం పాడతారండీ అత్తయ్యగారూ?" అని ఆవిడ బయల్దేరుతుంటే తను అడిగింది. ఆవిడ చెప్పులు వేసుకుంటూ, "జోల. ఈ పిల్లకి తీస్తానే, అదే. డాక్టరమ్మకి బాగా నచ్చిందట" అంది.

కెజియ క్యాలెండరుని మేకుతో సహా పీకింది. పిల్లకి స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద ఇంకో స్వెట్టరు వేసింది. స్టౌ కట్టిందో లేదో చూసింది. గుమ్మం దాటి, వెనక్కొచ్చి మళ్ళీ చూసింది. ఆటో ఎక్కాక డ్రైవరు అద్దంలోంచి పిల్లని చూసి అడిగాడు.

"ఏమ్మా, ఈ ఎండలో ఆ పిల్లకి అన్ని స్వెట్టర్లేంటండి?"

"ఐసు గదికి వెళ్ళాలండి. తొందరగా పోనివ్వండి, మా అత్తయ్యగారు అయిపోతున్నారు!"

ఆయనకేం అర్థమయిందో గానీ వంతెన మీద హారను వదలకుండా తీసుకెళ్ళాడు.

* * *

చల్లగది తలుపు తోసేసరికి సుగుణరత్నం మెడ నుంచి పట్టీ విప్పుతోంది. డాక్టరు నాలుగో గుళికని దీపానికి ఎదురుగా పట్టుకుని మైమరచి చూస్తోంది. అది వెన్నపాల రంగులో ఉంది.

"ఎంత బాగా వచ్చిందో! ఇలాంటిది నా జన్మలో..." అని డాక్టరు ఏదో అనబోయింది. చలి తగిలిన పిల్ల ఒక్కసారిగా గుక్కపట్టింది. నిద్ర చాలని ఏడుపది. కెజియ పరుగున వెళ్ళి పిల్లని అత్తగారి భుజం మీద పెట్టింది.

సుగుణరత్నం ఆ పిల్లని, బస్సులో పక్కవాళ్ళు కాసేపు పట్టుకోమన్న సంచిలా పట్టుకుంది.

"ఏడుస్తోందండీ."

"వినబడుతోంది. ఊపిరితిత్తులు బాగున్నాయి" అంది ఆవిడ. రాగం తీసింది కూడా, అడిగారు కదా అని. అదే రాగం, ఒక్క స్వరం తప్పలేదు. పిల్ల ఏడుపు ఆపి, కళ్ళు పెద్దవి చేసి, ఎవరు నువ్వు అన్నట్టు చూసింది.

కెజియ క్యాలెండరుని డాక్టరు బల్ల మీద పరిచింది. మాటలు తడబడుతూ, వేలితో గడులు చూపిస్తూ చెప్పింది. రహస్యం మూలతో సహా. "తి" అంటే ఏమిటో అత్తగారి ముందే చెప్పాల్సి వచ్చింది. అత్తగారు ఆసక్తిగా విన్నది. "ఫిబ్రవరిలో మరీ ఎక్కువున్నాయే" అంది.

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. ఒక్కో గడి చూస్తున్నకొద్దీ ఆమె మొహం పాలిపోయింది.

"నేను ఫోటో తీస్తున్నాననుకున్నానమ్మా. బావిలోంచి తోడేస్తున్నానని తెలీలేదు."

"మరి మీ దగ్గర ఇంతకుముందు పాడినవాళ్ళకి ఏమీ కాలేదాండి?"

"పదహారుమందితో పాడించాను. నేనూ పాడాను. ఒక్కరికీ ఏమీ..." డాక్టరు ఆగిపోయింది. "అందరూ పట్టీ తియ్యగానే ముందు వాళ్ళది వాళ్ళే విన్నారు. ఎలా వచ్చిందో చూద్దామని. నేనూ అంతే. ఎవరిది వాళ్ళు వింటే గుళికలోది తిరిగి వాళ్ళలోకే వెళ్ళిపోయి ఉంటుంది. అందుకే ఆ గుళికలన్నీ రెండో రోజుకి వట్టి గాజులైపోయేవి. గాజు నాసిరకమని అమ్మినవాణ్ణి దులిపేశాను కూడా." అత్తగారి వైపు చూసింది. "మీరొక్కరే వినలేదు. అందుకే మీ పాటలొక్కటే నిలిచాయి."

"అయితే ఇప్పుడు వినిపించెయ్యండి!" అంది కెజియ.

"వింటే ఆవిడవి ఆవిడకి వచ్చేస్తాయి. కానీ గుళికలు ఖాళీ. ఇక ఎవరు విన్నా ఏమీ కలగదు. ఆల్బం ఉండదు."

ఇద్దరూ సుగుణరత్నం వైపు చూశారు. ఆవిడ ఏడుస్తున్న పిల్లని కెజియకి తిరిగి ఇచ్చేసి, స్వెట్టరు గుండీలు పెట్టుకుంది.

"అయితే వద్దులే. నాకేం లోటు? ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది, బీపీ కూడా తగ్గింది. తొమ్మిదేళ్ళ తర్వాత పాడాను. బాగా వచ్చిందంటోంది. అలా ఉండనియ్యండి."

"పిల్లకి నిద్ర రావట్లేదండీ!"

"పెద్దదవుతుందిగా. అయినా నా పాట నేను విననని మీ మావయ్యకి మాటిచ్చాను."

కెజియ ఎప్పుడూ ఆవిడకి ఎదురు చెప్పింది లేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. కానీ ఇప్పుడేమీ కాదు, అదే కదా బాధ.

"అత్తయ్యగారూ, ఒక్క మాటండి. మావయ్యగారిని తలుచుకుంటే ఇప్పుడు మీకేమైనా అనిపిస్తోందాండి?"

ఆవిడ కాసేపు నిజాయితీగా ఆలోచించింది. "ఏమీ లేదు."

"మరి ఆయనకిచ్చిన మాట ఎందుకండీ?"

"...అదీ నిజమేలే" అంది సుగుణరత్నం. "కానీ ఆల్బం ఉందిగా."

"నాలుగూ వద్దండి. ఒక్కటి వినండి. ఇంకా మూడు మిగుల్తాయి కదా. మూడు పాటలతో కూడా ఆల్బం అవుతుంది. అవునా కాదా, డాక్టరుగారూ?"

"అవుతుంది" అంది డాక్టరు, పిల్ల వైపు చూస్తూ. చెయ్యి వెన్నపాల రంగు గుళిక మీదికి పోయింది. "జోల ఒక్కటీ..."

"జోల కాదండి" అంది కెజియ. మూడేళ్ళుగా ఎప్పుడు పోతుందా అని రోజూ ప్రార్థన చేసినదాన్ని, పోయాక దేవుడికి వందనాలు చెప్పుకున్నదాన్ని, ఇప్పుడు తన నోటితో అడగాలి. "మొదటిది పెట్టండి. కోపం."

డాక్టరుకి అర్థం కాలేదు. అయినా పెట్టింది. సుగుణరత్నం ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది. ఆస్పత్రిలో సూది వేయించుకునేటప్పుడు కూర్చున్నట్టు. ఒక నిమిషం ఏమీ కాలేదు. తర్వాత ఆవిడ ముక్కుపుటాలు కదిలాయి. తర్వాత మంకీ టోపీ తీసి నేలకేసి కొట్టింది.

"ఏమే కెజియా!"

"ఆయ్, అత్తయ్యగారూ!" కెజియకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చంటిపిల్లని ఐసు గదిలోకి తీసుకొస్తావుటే? బుద్ధుందా? మూడు స్వెట్టర్లు వేసి టోపీ మర్చిపోయావే, తల కాదుటే అది, చలెయ్యదూ? ఇంట్లో తలుపు వేసొచ్చావా? వేసే ఉంటావులే, స్టౌ నాలుగుసార్లు చూసి ఉంటావు, నీ సంగతి నాకు తెలీదూ! క్యాలెండరు మీద రాస్తావుటే నా తిట్లు? రాస్తే రాశావు, ఫిబ్రవరి ఏడున 'తి2' ఏంటి? ఆ రోజు నాలుగుసార్లు తిట్టాను! లెక్క కూడా సరిగ్గా రాదు నీకు! నా హార్మోనియం మీద ఉల్లిపాయలు పెడుతుంటే చూస్తూ నిలబడ్డావే, చేతిలోంచి బుట్ట లాక్కోవద్దుటే? నోరు లేదా నీకు? ఇన్నాళ్ళూ నాకు మతి పోతే ఎవరికి చెప్పావు? క్యాలెండరుకి చెప్పావు!"

అలా మూడు నిమిషాలు. ఊపిరి తీసుకోవడానికి ఎక్కడ ఆగినా సరిగ్గా తాళం మీద ఆగింది. అది ఏ పందిట్లోనైనా ఆవిడకున్న గొప్పే. కెజియ ఏడుస్తూ, నవ్వుతూ, తల ఊపుతూ నిలబడింది. పిల్ల కూడా ఏడుపు మానేసి నోరు తెరుచుకుని చూస్తోంది. ఈ గొంతు దానికి తెలుసు.

కెజియ అనుకున్నదే జరిగింది. సుగుణరత్నం డాక్టరు వైపు తిరిగింది.

"ఏమ్మా నువ్వు! నా మొగుడి కోసం నాకున్న ఏడుపు తీసి ఐసులో పెడతావా? తొమ్మిదేళ్ళ నుంచి దాచుకున్నానమ్మా దాన్ని! శామ్యూలు పోతే పెట్టె ఎక్కడ చేయించారని అడిగానా నేను? ఆ మహాతల్లి మొహం ఎలా చూడాలి? నా మనవరాలిని సంచిలా పట్టుకున్నానా? ఇటియ్యి. అన్నీ ఇటియ్యి!"

"ఆల్బం అండి..." అంది డాక్టరు, చిన్న గొంతుతో.

"ఆల్బం నేను పాడితే వస్తుంది. నేనుండాలి కదా పాడడానికి!"

మిగిలిన మూడు గుళికలూ ఒకదాని తర్వాత ఒకటి విన్నది. ఏడుపు పాట దగ్గర ఆవిడ దేవదానం స్వెట్టరు అంచు నోట్లో కుక్కుకుని, నలభై ఏళ్ళ నియమం తప్పినందుకూ, ఉల్లిపాయల బుట్టకీ, శామ్యూలుకీ అన్నిటికీ కలిపి ఏడ్చింది. మధ్యలో ఒకసారి ఇయర్‌ఫోను తీసి, "బానే పాడానే" అని ఆశ్చర్యంగా అని, మళ్ళీ పెట్టుకుని ఏడ్చింది.

చివరిది జోల. అది సగంలో ఉండగానే చేతులు చాచింది. కెజియ ఆ చేతులు పట్టుకుని చూసింది. మంచుగడ్డలు.

"అరగంట ఆగాలండి, జలుబు..."

"ఇస్తావా, ఇంకో మూడు నిమిషాలు మొదలుపెట్టమంటావా?"

కెజియ ఇచ్చేసింది. ముక్కుతో, గొంతు అడుగు నుంచి రాగం. రెండో విడతకే పిల్ల మెడ వాలిపోయింది.

* * *

వట్టి గాజులైపోయిన గుళికల్ని చూస్తూ డాక్టరు వారం రోజులు అన్నం మానేసిందట. ఎనిమిదో రోజున గోడమైకు సంగతి గుర్తొచ్చింది. అది ఆ మధ్యాహ్నమంతా ఆన్‌లోనే ఉంది. వింటే మూడు నిమిషాల తిట్లు, ఒక్క మాట పోకుండా. వాటి కింద ఆ టకటక దరువు పెట్టి చూసింది. కొత్తగా ఏమీ సర్దాల్సిన పని లేకపోయింది. దరువే ఆవిడ వెంట నడిచింది.

ఆల్బం జూన్‌లో వచ్చింది. పట్టీ లేకుండా మామూలు మైకులో మళ్ళీ పాడిన మూడు పాటలు, మొదట్లో ఆ తిట్లు. జోల అందులో లేదు. అది ఇంటిది అంది సుగుణరత్నం. మిగతా మూడు పాటలూ విని పెద్దవాళ్ళు మళ్ళీ గుంజలు పట్టుకుని ఏడ్చారు గానీ, తిట్ల పాట మాత్రం పెళ్ళి ఊరేగింపుల్లో, కాలేజీ ఫంక్షన్లలో, ఆటోల్లో ఒకటే మోత. "స్టౌ నాలుగుసార్లు చూసి ఉంటావు" అన్న దగ్గర కుర్రకారంతా ఒకేసారి గెంతుతున్నారట. తుని నుంచి కెజియ వాళ్ళమ్మ ఫోను చేసింది.

"ఏమే, ఆ పాటలో తిట్లు తినేది నువ్వేనా?"

"నేనేనమ్మా" అంది కెజియ. తన గొంతులో గర్వం వినబడి తనే ఉలిక్కిపడింది.

సుగుణరత్నం మాత్రం ఆ పాట ఎక్కడ మోగినా చెంగు చెవుల్లో దోపుకుని రోడ్డు దాటుతోంది. మాట మాటే. హార్మోనియం మీద ఉతికిన తెల్లగుడ్డ వచ్చింది. శామ్యూలుగారింటికి మళ్ళీ వెళ్ళి రెండు రోజులు ఉండి వచ్చింది. సిగ్గు ఒక్కటీ పూర్తిగా తిరిగి రాలేదని, గుళికలో కొంచెం అడుగున ఉండిపోయిందేమోనని డాక్టరు అనుమానం. పాస్టరుగారి ప్రసంగాలు ఇప్పుడు నలభై నిమిషాల్లో అయిపోతున్నాయి కాబట్టి చర్చిలో ఎవరూ దాని గురించి వాకబు చెయ్యడం లేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం, భుజం మీద పిల్ల అప్పుడే నిద్రలోకి జారుతుండగా, వంటగదిలో కెజియ చేతిలోంచి స్టీలు గ్లాసు జారి గుండ్రంగా తిరుగుతూ గుమ్మం దాకా వెళ్ళింది. సుగుణరత్నం రాగం ఆపలేదు. అదే రాగంలో, అదే మెత్తదనంతో, పిల్ల వీపు మీద తట్టే తాళం తప్పకుండా, "చేతులా అవి, చిల్లుల గరిటెలా" అని మొదలుపెట్టి రెండు చరణాలు తిట్టింది. పిల్ల నిద్రపోయింది.

కెజియ తలుపు వెనక్కి వెళ్ళి, ఆ రోజు గడిలో కుడివైపు మూల "తి1" అని రాసింది. స్టౌ కట్టిందో లేదో ఒకసారి చూసింది. ఇంకోసారి చూసి, వచ్చి పిల్ల పక్కన నిశ్చింతగా నడుం వాల్చింది.